షహ్లాకి ఇచ్చిన మాట

మెద్నీన్, ఫిబ్రవరి 3

చెల్లీ జలీలా,

ఈ ఉత్తరాన్ని ఖర్జూరాల సంచి అడుగున పెట్టి బురావీ బాబాయ్ టాక్సీలో పంపుతున్నాను. ముందు నాలుగు ఖర్జూరాలు తిని తర్వాత చదువు. ఖాళీ కడుపుతో చదివే సంగతి కాదు. ఫోన్ చెయ్యలేదని నిష్ఠూరమాడకు. నా ఫోన్ మీ బావ ట్రిపోలీ పనికి పోతూ పట్టుకుపోయారు, ఆయనది పాడైందట. ఇక ఇంట్లో మిగిలింది పెద్దమ్మ గదిలో ఉన్నదే. ఆవిడకి చెవుడు కదా, స్పీకర్ పెడితే తప్ప ఊరుకోదు. నేను తుమ్మినా నడవంతా వింటుంది.

మొన్న షహ్లాకి నలభై రోజులు నిండాయి. చుట్టాల ఆడవాళ్ళంతా వచ్చారు. గొర్రెమాంసం, కుస్కుస్, అన్నీ బాగానే జరిగాయి. భోజనాలయ్యాక పెదనాన్న లోపలికి వచ్చి, ఒక చెయ్యి షహ్లా తల మీద, ఇంకో చెయ్యి వసీలా చిన్నకొడుకు, ఇంకా పాలు మానని హుసామ్ తల మీద పెట్టి, "ఈ పిల్ల ఈ పిల్లాడికే. నా ఇద్దరు కొడుకుల ఇళ్ళూ ఒకే ఇల్లు," అన్నారు. సంబంధం ఖాయమని మగవాళ్ళు ఖురాన్‌లోని ఫాతిహా చదివారు. అంతే, అయిపోయింది. నా నలభై రోజుల కూతురికి మొగుడు కుదిరిపోయాడు.

మనకి పెదనాన్న, నాకు మామగారు కూడా. ఎదురు చెప్పాలంటే పుట్టింటి మర్యాదా పోతుంది, మెట్టింటి మర్యాదా పోతుంది, రెండూ ఒకటే కాబట్టి. నన్ను మీ బావ లజ్‌హర్‌కి ఇచ్చినప్పుడు కూడా ఇలాగే తల మీద చెయ్యి పెట్టారట. ఆ పెళ్ళికి ఫలితం ఇప్పుడు నా పక్కన కూర్చుని పెన్సిల్ కొరుకుతున్నాడు. ఘైస్‌కి ఆరేళ్ళు వచ్చాయి. వాడి మీద ఎండ పడకుండా కిటికీకి రెండు దుప్పట్లు కొట్టాను. పోయినేడు ముక్కు మీద కోసి తీసిన గడ్డ పక్కన ఇంకో నల్లమచ్చ లేస్తోంది. వాడు బయటికి పోలేడు, వాణ్ణి వదిలి నేనూ పోలేను. ఈ గదిలో ఉండి ఉండి నాకు గోడల మీద పెచ్చులన్నీ గుర్తుండిపోయాయి.

జలీలా, షహ్లా కడుపున కూడా ఇలాంటి బిడ్డే పుడితే? నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు ఈ జబ్బు చూసే ఆసుపత్రిలోనే నర్సువి కదా, పెద్ద డాక్టర్ని అడుగు. మరొక మాట. పెదనాన్న మాట ఇచ్చినప్పుడు నా తోడికోడలు వసీలా నవ్వింది. నేను చూశాను.

నీ అక్క,
సలీహా


ట్యునిస్, ఫిబ్రవరి 20

అక్కా,

ఖర్జూరాలు నేను తినేలోపే మా వార్డు వాళ్ళు సగం ఊడ్చేశారు. ఉత్తరం మాత్రం నాకే మిగిలింది, చదివి ఒళ్ళు మండిపోయింది.

డాక్టర్ ఇన్సాఫ్‌ని అడిగాను. ఆవిడ చెప్పింది నీకు నా మాటల్లో చెబుతాను. ఎండ రోజూ మన చర్మం లోపల సన్నసన్నటి చిరుగులు వేస్తుంది. మనందరికీ లోపల ఒక దర్జీ ఉంటాడు, ఎప్పటికప్పుడు కుట్టేస్తాడు. ఘైస్‌కి ఆ దర్జీ లేడు. చిరుగులు అలాగే పోగుపడి మచ్చలూ గడ్డలూ అవుతాయి. ఆ దర్జీని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోదానితో పని గడుస్తుంది. ఆ మనిషి హాయిగా ఎండలో తిరుగుతాడు, తనలో చెడ్డది ఉందని కూడా తెలియదు. రెండూ చెడ్డవే వస్తేనే జబ్బు. నీకూ బావకీ ఆ చెడ్డది ఒకే తాతగారి నుంచి వచ్చింది. షహ్లాకి జబ్బు లేదని పుట్టగానే పరీక్షలో తేలింది కానీ, మోస్తూ ఉండే అవకాశమే ఎక్కువ. అటు హుసామ్ కూడా మోస్తుంటే, మీ ఇద్దరి కథ మళ్ళీ మొదలు.

మా డాక్టర్ బృందం దక్షిణాది కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కడ మొదలై ఎన్ని ఇళ్ళకి పాకిందో పరిశోధన చేస్తోంది. మన ఇల్లు వాళ్ళ పట్టికలో మొదటి వరుసలో ఉంది, గర్వపడు. ఈ నెలాఖరుకి వచ్చి పెద్దవాళ్ళందరి రక్తాలూ తీసుకుంటారు. ఫలితాలు వచ్చాక డాక్టరే స్వయంగా వచ్చి పెదనాన్నకి బొమ్మ వేసి చెబుతుంది. చదువుకున్న మనిషి, తెల్లకోటు, వరసగా గళ్ళు గీసిన పెద్ద కాగితం. ఆయన వినక ఛస్తాడా?

ఎండలోని చెడ్డ కిరణాలని ఆపే కిటికీ పొర, ఆ కిరణాలు లేని దీపం పంపుతున్నాను. దుప్పట్లు తీసేసి ఆ పొర అంటించు, పిల్లాడికి కాస్త ఆకాశం కనిపిస్తుంది. ఘైస్‌తో ఇంకో మాట చెప్పు. ఆ దర్జీ పనిని పైనుంచే చేసే లేపనం ఒకటి తయారుచేస్తున్నారు, బాగా పనిచేస్తోందట.

ఇక వసీలా నవ్విందంటే నాకేం ఆశ్చర్యం లేదు. పెదనాన్న ఇంకో కొడుకు మొఖ్తార్‌ని నేను వద్దని నర్సింగ్ చదువుకి పారిపోతే, ఆ పీట మీద వెళ్ళి కూర్చున్న మనిషి. ఆ ఇంట్లో ఏది దొరికినా తనకే కావాలి. దాని ముందు నోరు జారకు.

జలీలా


మెద్నీన్, ఏప్రిల్ 14

జలీలా,

నీ డాక్టర్ వచ్చింది, బొమ్మ వేసింది, వెళ్ళింది. ఏం జరిగిందో చెబితే నవ్వుతావో ఏడుస్తావో. నేను రెండూ చేశాను.

మగవాళ్ళ గదిలో గోడకి కాగితం పెట్టారు. మగవాళ్ళకి నలుచదరం గడి, ఆడవాళ్ళకి గుండ్రం. చెడ్డది మోసేవాళ్ళ గడి సగం నలుపు, జబ్బు వచ్చినవాళ్ళది పూర్తి నలుపు. పెదనాన్న సగం, పెద్దమ్మ సగం, మన నాన్న సగం, నేను, మీ బావ, మొఖ్తార్, మన చుట్టాల పిల్లే అయిన వసీలా, అందరం సగం సగం. ఘైస్ పూర్తిగా. పెద్దవాళ్ళలో ఖైరువాన్ నుంచి వచ్చిన మన అమ్మ గడి ఒక్కటే ఖాళీ.

పెదనాన్న పక్కన ఇమాంగారిని కూడా కూర్చోబెట్టుకున్నారు. చాలాసేపు చూసి, "ఈవిడ ఒక్కతే ఎందుకమ్మా ఖాళీగా ఉంది?" అన్నారు.

"ఆవిడ బయటి నుంచి వచ్చారు కదా హాజీ గారూ. మీ వంశంలో ఉన్నది ఆవిడలో లేదు."

"మా వాళ్ళలో ఉందా?"

"చాలామందిలో ఉందండీ. మీలో కూడా."

ఆయన ఇమాంగారి వైపు తిరిగి, "విన్నావుగా? మావాళ్ళలో ఉంది, బయటి నుంచి వచ్చినావిడలోనే లేదు. లేనిదాని కూతురి కడుపున పుట్టాడు కనుకే పిల్లాడు అలా అయ్యాడు. నేను నా తమ్ముడికి ఆనాడే చెప్పాను, బయటి సంబంధం వద్దురా అని," అన్నారు.

డాక్టర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చేతులు తిప్పి తిప్పి చెప్పింది. పెదనాన్న ఆవిడకి స్వయంగా టీ పోసి, "నువ్వు గీసిందే కదా తల్లీ, నేను చదివాను," అన్నారు. షహ్లా హుసామ్‌ని చేసుకుంటేనే మన రక్తం మళ్ళీ నిండుతుందని ఇప్పుడు అందరికీ చెబుతున్నారు. ఆ కాగితం అడిగి తీసుకుని మక్కా పటం పక్కన అతికించుకున్నారు. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నారు.

పెద్దమ్మకి పోయిన ఇద్దరు మగపిల్లల గళ్ళు కూడా డాక్టర్ పూర్తి నలుపు చేసింది. ఆ రోజుల్లో వడదెబ్బ అన్నారు. పెద్దమ్మ కళ్ళజోడు తెచ్చుకుని ఆ రెండు గళ్ళూ దగ్గరగా చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. వసీలా టీ గ్లాసులు తీస్తూ డాక్టర్‌ని గుసగుసగా ఏదో అడిగింది. డాక్టర్ తల ఊపింది. అప్పటి నుంచి వసీలా నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటోంది. నా పిల్లల గాలి తన పిల్లలకి తగులుతుందేమోనని అడిగి ఉంటుంది.

పొర అంటించాను. ఘైస్ కిటికీ దగ్గర నుంచి కదలడం లేదు. లేపనం ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నాడు. అది రాగానే వసీలా పెద్దకొడుకు అయ్‌మన్‌తో కలిసి గొర్రెల దగ్గరికి పోతానని చెప్పులు కూడా తుడిచి పెట్టుకున్నాడు. ఏ టాక్సీలో పంపుతున్నావో రాయి.

సలీహా


ట్యునిస్, ఏప్రిల్ 26

అక్కా,

తప్పు నాది. లేపనం ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది, అసలు వస్తుందో రాదో కూడా తెలియదు. ఉత్సాహం కొద్దీ రాసేశాను. ఘైస్‌కి ఎలా చెబుతావో తెలియక ఈ వాక్యం నాలుగుసార్లు కొట్టేసి రాశాను.

డాక్టర్ ఇన్సాఫ్ తిరిగొచ్చి రెండు రోజులు ఆ కాగితాలే ముందేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆ గళ్ళు గీస్తున్నాను, వాటిని అలా కూడా చదవొచ్చని నాకు తట్టలేదు జలీలా, అంది.

నువ్వు పిల్లలిద్దర్నీ తీసుకుని ఇక్కడికి వచ్చెయ్. నా గదిలో ముగ్గురికి చోటుంది, నేను వరండాలో పడుకుంటాను.

రాలేనంటావా, అయితే ఇంకో దారి ఉంది. మా వార్డులో గఫ్సా ఊరి అమ్మాయి ఒకతె చెప్పింది. వాళ్ళ పిన్ని ఇలాంటి సంబంధమే తప్పించడానికి పిల్లాడికి తన పాలిచ్చేసిందట. మన మతంలో పాలు తాగినా కొడుకే, కొడుక్కీ కూతురికీ పెళ్ళేమిటి? మనం పాటించే మాలికీ ధర్మశాస్త్రం ప్రకారం ఒక్క గుక్క గొంతు దిగితే చాలు. పెదనాన్న డాక్టర్ని కాదంటాడు కానీ దీన్ని కాదనలేడు. హుసామ్ ఎప్పుడైనా నీ ఒళ్ళోకి వస్తాడా? వసీలాకి మాత్రం అనుమానం రానివ్వకు. తెలిస్తే ఇల్లు ఎక్కి అరుస్తుంది.

జలీలా


మెద్నీన్, మే 20

చెల్లీ,

రమ్మనడం తేలిక. ఘైస్‌ని పగలు టాక్సీ ఎక్కించలేను. మీ బావ రాకుండా నేను గుమ్మం దాటితే వెళ్ళగొట్టారనో లేచిపోయిందనో అంటారు. పిల్లల కాగితాలన్నీ పెదనాన్న పెట్టెలో ఉన్నాయి. నేను రాలేను. మళ్ళీ అడగకు, అడిగినప్పుడల్లా ఈ గది ఇంకా ఇరుకవుతోంది.

లేపనం సంగతి ఘైస్‌కి చెప్పాను. "మరి ఆ ఎలుకలు ఎండలోకి వెళ్తున్నాయా?" అన్నాడు. వెళ్తున్నాయట అన్నాను. సరేలే అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

రెండోది జరిగిపోయింది. వసీలా వాళ్ళ మేనత్త పోయిందని బెన్ గర్దాన్ నుంచి కబురొస్తే హడావిడిగా వెళ్ళింది. హుసామ్‌ని పెద్దమ్మకి అప్పగించింది. పెద్దమ్మ కునుకు తీసింది, ఆవిడకి వినబడదు కూడా. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, డబ్బాపాలు ఊసేస్తున్నాడు. ఎత్తుకుని నా గదిలోకి తెచ్చి రొమ్ముకి పట్టాను. కడుపు నిండా తాగాడు. ఘైస్ చూసి, "అమ్మా, అది షహ్లా కాదు," అన్నాడు. తెలుసు నాన్నా అన్నాను.

నాకు సంతోషం వెయ్యలేదు. ఒకరి బిడ్డని దొంగిలించినట్టు ఉంది. సాయంత్రం వసీలా ఏడ్చిన మొహంతో వచ్చి, వాణ్ణి ఎత్తుకుని, "ఏడవలేదు కదా?" అంది. లేదన్నాను. ఇప్పుడు ఈ విషయం బయటపెట్టాలి కదా, ఎలా పెట్టను?

నీ అక్క


ట్యునిస్, జూన్ 1

అక్కా, నా బంగారం,

నీలో ఇంత ఉందనుకోలేదు. ఇక భయం దేనికి? శుక్రవారం ఇమాంగారు భోజనానికి వస్తారు కదా, ఆయన ముందు చెప్పెయ్. ఏడుస్తుంటే చూడలేక ఇచ్చాను అను, అబద్ధం కూడా కాదు. పెదనాన్న మొహం ఎలా అయిందో, వసీలా మొహం ఎలా అయిందో ప్రతి ముడతా రాయాలి నాకు. ఇక్కడ నా స్నేహితురాళ్ళకి బాదం షర్బత్ నేనే పోయిస్తున్నాను ఈ రోజు.

గర్వంతో,
జలీలా


మెద్నీన్, జూన్ 22

జలీలా,

షర్బత్ తొందరపడి పోయించావు.

చెప్పాను. ఇమాంగారు కుస్కుస్ ముద్ద చేతిలోనే పట్టుకుని, "తాగాడా? అయితే వాడు నీ కొడుకే తల్లీ, షహ్లాకి అన్న," అన్నారు. పెదనాన్న కాసేపు గడ్డం నిమురుకున్నారు. అప్పుడు ఆయన అడిగారు, "మరి అయ్‌మన్?"

ఇమాంగారు నిజం చెప్పే మనిషి. పాలు తాగినవాడు ఒక్కడే ఆ తల్లికి కొడుకవుతాడు, వాడి తోబుట్టువులు కారు అన్నారు. పెదనాన్న నవ్వారు. వసీలా పెద్దకొడుకు అయ్‌మన్‌ని పిలిచి, నాలుగేళ్ళవాణ్ణి, తల మీద చెయ్యి పెట్టి, "అయితే షహ్లా వీడికి. వయసు తేడా కూడా చక్కగా ఉంది," అన్నారు. మళ్ళీ ఫాతిహా. మనం ఇద్దరం చదువుకున్నాం కదా, ఇంత చిన్న సంగతి తట్టలేదు చూడు.

వసీలా వంటింట్లో నన్ను పట్టుకుంది. అంత కోపం ఆమెలో ఎప్పుడూ చూడలేదు.

"నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?" అంది. "ఆ రోజు డాక్టర్ని నేనేం అడిగానో తెలుసా? నాలో కూడా ఉందా అని. ఉందంది. మా అక్క ఇద్దర్ని పూడ్చింది ఆ మచ్చలతోనే. నాకు లెక్క రాదనుకున్నారా మీ అక్కచెల్లెళ్ళు? మీకు మాత్రమే పిల్లలా?"

చేతిలో గిన్నె దించకుండానే మళ్ళీ అందుకుంది.

"తిరగేసి చేశావు. నీ పాలు హుసామ్ తాగితే హుసామ్ ఒక్కడే నీ కొడుకు. అదే నీ పిల్ల నా పాలు తాగి ఉంటే, నేను కన్నవాళ్ళూ కనబోయేవాళ్ళూ అందరూ దానికి అన్నదమ్ములే. ఈ ముసలాయనకి ఉన్నది ఇద్దరు కొడుకులే కదా. ఇక ఇంట్లో ఎవడు మిగిలేవాడు?"

"అయితే ఇప్పుడు ఇవ్వు వసీలా," అన్నాను.

"ఇప్పుడా? ఇద్దరం తలుపేసుకుని ఇచ్చామంటే ఇద్దరం కూడబలుక్కుని అబద్ధమాడామంటాడు. ఒకసారి దొంగతనంగా చేసి నా దారి కూడా చెడగొట్టావు," అని గిన్నె విసిరేసి వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నట్టే అయింది. పెదనాన్నకి అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే షహ్లా ఉయ్యాల పెద్దమ్మ గదిలోకి మార్పించారు. పాలకి మాత్రం పెద్దమ్మే తెచ్చి, ఎదురుగా కూర్చుని, తాగాక ఎత్తుకుపోతుంది. వసీలా చేతికి ఇవ్వకూడదని ఆర్డరు. ఒక్క మాట మాట్లాడదు పెద్దమ్మ. మధ్యలో పిల్ల ఏడిస్తే నాకు గోడ అవతల నుంచి వినబడుతుంది, ఆవిడకి వినబడదు. ఆ ఏడుపు వింటూ ఘైస్ పక్కన కూర్చుంటాను. నాకు ఒక్కోసారి ఊపిరాడదు.

సలీహా


ట్యునిస్, జూలై 5

అక్కా,

నువ్వు మరీ అమాయకురాలివి. పెదనాన్నకి ఆ అనుమానం దానంతట అదే వచ్చిందా? వసీలా చెప్పి ఉంటుంది. నీ దగ్గర కోపం నటించి, అక్కడికెళ్ళి ఊది ఉంటుంది. నీ కూతురు కోడలైతే నువ్వు జీవితాంతం దాని కింద ఉంటావు, అదే దానికి కావాలి. అయ్‌మన్ సున్తీ వేడుక ఆగస్టులో అని విన్నాను. జనం ముందు ఇంకో ఫాతిహా చదివిస్తారు చూడు. ఆ రోజు గదిలోంచి బయటికి రాకు. దాని చేతి నుంచి మంచినీళ్ళు కూడా తీసుకోకు.

నాకు సెలవు ఇవ్వలేదు. వద్దామని అడిగాను, ఇవ్వలేదు. ఇక్కడ కూర్చుని పళ్ళు నూరుకోవడం తప్ప నేనేం చెయ్యలేకపోతున్నాను.

జలీలా


మెద్నీన్, ఆగస్టు 17

జలీలా,

నీ మాట వినే ఆ రోజు గదిలో కూర్చున్నాను. నడవలో డప్పులు, చుట్టాల ఆడవాళ్ళు, పిల్లల గోల. ఘైస్‌కి పొర వేసిన కిటికీలోంచి పందిరి ఒక మూల కనబడుతుంటే అదే చూస్తున్నాడు. మధ్యాహ్నం తలుపు తట్టి వసీలా వచ్చింది. కొత్త బట్టలు, చేతులకి హెన్నా, మొహంలో రక్తం లేదు.

"గుమ్మంలోకి వచ్చి నిలబడు," అంది.

"ఎందుకు?"

"రమ్మన్నానా? పిల్లాణ్ణి చూడటానికి నా చెల్లెలు కూర్చుంటుంది. ఎక్కువసేపు పట్టదు."

వెళ్ళాలా వద్దా అనుకుంటుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు.

అవతల మగవాళ్ళ గదిలో అయ్‌మన్‌కి కత్తి పడింది. ఇవతల ఆడవాళ్ళు మిఠాయిల కుండ నేలకేసి కొట్టారు, వాడి ఏడుపు వినబడకుండా. పిల్లలు మిఠాయిలకి ఎగబడ్డారు. ఆడవాళ్ళంతా వసీలా చుట్టూ మూగారు, తల్లిని ఓదార్చాలి కదా. వసీలా కుర్చీలో కూర్చుని, "నా ఒళ్ళు వణుకుతోంది, ఎవరైనా ఒక బిడ్డని ఒళ్ళో పెట్టండి," అంది.

దగ్గరలో ఉన్న బిడ్డ షహ్లా. పెద్దమ్మ ఒళ్ళో ఉంది.

వసీలా రెండు చేతులూ చాపింది. పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది, తర్వాత గుమ్మంలో ఉన్న నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. అప్పుడు తనే లేచి, షహ్లాని వసీలా ఒళ్ళో పెట్టింది. వసీలా అందరి ముందూ బొత్తాం విప్పి పాలకి పట్టింది. షహ్లా కాసేపు మొహం తిప్పుకుంది, కొత్త వాసన కదా. తర్వాత పట్టుకుని తాగడం మొదలుపెట్టింది. డప్పులు కొట్టే ఆడవాళ్ళు ఆపేశారు. వాళ్ళందరూ బిడ్డల తల్లులే, ఏం జరుగుతోందో ఒకరు ఇంకొకరికి చెప్పనక్కర్లేకపోయింది. ఎవ్వరూ ఆపలేదు. వసీలా కళ్ళు మూసుకుని కూర్చుంది, చెంపల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

పెదనాన్నకి ఎవరు చెప్పారో, వెంటనే వచ్చారు. వెనకాల ఇమాంగారు. ఆయన వచ్చేసరికి షహ్లా తాగేసి పెదాలు చప్పరిస్తోంది.

"ఏం జరిగింది ఇక్కడ?" అన్నారు.

వసీలా ఒళ్ళో షహ్లాని చూసి గొంతు పెంచారు.

"ఈ పిల్ల దాని పాలు తాగిందని చూసినవాళ్ళు ఎవరు? మొన్న ఒకతె కథ చెప్పింది. ఇవాళ ఇంకొకతె చెబుతుందా? చూసినవాళ్ళుంటే ముందుకి రండి."

ఆ మనిషి ముందు నిలబడి మాట్లాడిన ఆడది ఆ ఇంట్లో ఇంతవరకు లేదు, నీకు తెలుసు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అయిపోయిందనుకున్నాను. ఇంకో క్షణం ఆగితే కోడళ్ళిద్దరి నాటకం అని కొట్టిపారేస్తారు, ఫాతిహా అలాగే నిలబడుతుంది అనుకున్నాను.

పెద్దమ్మ ముందుకి వచ్చింది. ఆయన అడిగింది వినబడిందో లేదో నాకు తెలియదు, కానీ మొహం చూసి గ్రహించి ఉంటుంది. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు పెద్ద గొంతుతో, వీధి దాకా వినబడేలా చెప్పింది.

"నేను చూశాను. నేనే ఒళ్ళో పెట్టాను. కడుపు నిండా తాగింది."

పెదనాన్న ఆవిడ వంక అలా చూస్తూ ఉండిపోయారు. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మాటకి అడ్డం చెప్పడం అదే మొదటిసారి అయి ఉంటుంది. పెద్దమ్మ చూపు తిప్పుకోలేదు.

"నా ఇద్దరినీ వడదెబ్బ అన్నావు," అంది, ఈసారి చిన్నగా. "వడదెబ్బ కాదు. ఇక చాలు."

అప్పుడు మూలనున్న డప్పు మనిషి, "నేనూ చూశాను," అంది. వసీలా వాళ్ళ అమ్మ, "నేనూ," అంది. ఒకరి తర్వాత ఒకరు అన్నారు. పెదనాన్న ఇమాంగారి వైపు తిరిగారు. ఆయన తల వంచుకుని, "ఇంక చెప్పడానికి ఏముంది హాజీ. మనవరాలికి అన్నదమ్ములు ఎక్కువయ్యారు," అన్నారు. పెదనాన్న "భోజనాలు వడ్డించండి," అని బయటికి వెళ్ళిపోయారు. ఇవాళ్టికి అయిదో రోజు. మా ముగ్గురితో మాట్లాడటం లేదు.

ఉయ్యాల నా గదిలోకి తిరిగొచ్చింది. మీ బావకి పెద్దమ్మే ఫోన్‌లో చెప్పింది, స్పీకర్‌లో. ఆయన అరిచారు, ఆవిడకి వినబడలేదన్నది, పెట్టేసింది.

జలీలా, నేను ఎక్కడికీ కదలలేదు, కదలను కూడా. ఘైస్ ముక్కు మీద మచ్చ పెరిగింది, వచ్చే నెల మళ్ళీ కోస్తారు. ఇదే గది, ఇవే పెచ్చులు. లేపనం వస్తే సంతోషం, రాకపోతే వాడూ నేనూ ఇలాగే ఉంటాం. దానికి నేను ఏడవడం మానేశాను. కానీ షహ్లా పెద్దదై ఎవరినైనా చేసుకోవచ్చు, ఎవరినీ చేసుకోకపోవచ్చు, నీలా పారిపోవచ్చు. దాని తల మీద ఇక ఎవరి చెయ్యీ లేదు. అది తలుచుకుంటే నాకు ఊపిరి ఆడుతోంది.

ఈసారి నాకు ఉత్తరం రాయొద్దు. వసీలాకి రాయి. ఆమె కొడుకు రక్తం కారుతున్న రోజున, వాడి దగ్గరికి పరుగెత్తకుండా, నా కూతురికి పాలిస్తూ కూర్చుంది.

సలీహా